టెక్ సందేహాలు: గేర్‌బాక్స్‌కి కూలర్ కొనేముందు వేడి ఎంతో చూశారా?

ప్రశ్న: మాకు 2014 మోడల్ హోండా ఒడిస్సీ ఉంది. లక్షా పది వేల మైళ్లు తిరిగింది. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో 2,400 పౌండ్ల పాప్-అప్ క్యాంపర్ (కారు వెనక లాక్కెళ్లే మడత టెంట్ బండి) కొన్నాం. జూలైలో రెండు కుటుంబాలం కలిసి దాన్ని లాక్కుంటూ కొలరాడో వెళ్లాలని ప్లాన్. ట్రాన్స్‌మిషన్ కూలర్ లేకుండా లాగితే గేర్‌బాక్స్ గోవిందా అని ఫ్రెండ్ అంటున్నాడు. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ని, స్పానర్ పట్టింది తక్కువ. ఇంట్లోనే బిగించుకోవచ్చా?
- ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: మీ ఫ్రెండ్ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం మీ ఓనర్స్ మాన్యువల్‌లో టోయింగ్ పేజీలో ఉంది. కూలర్ సంగతి తర్వాత, ముందు ఆ పేజీ తీయండి.

ఒడిస్సీ లాగగల బరువు 3,500 పౌండ్లు అని అందరూ చెబుతారు. బండిలో మనుషులు, సామాను పెరిగే కొద్దీ ఆ అంకె తగ్గుతుంది. క్యాంపర్ బరువులో పదో వంతు, అంటే సుమారు 240 పౌండ్లు, హిచ్ (వెనక బండిని తగిలించే కొక్కెం) మీద పడుతుంది. అదీ మీ బండి మోయాల్సిన బరువే. రెండు కుటుంబాల మనుషులు, సూట్‌కేసులు, ఆవకాయ జాడీలు అన్నీ ఒకే వ్యాన్‌లో ఎక్కిస్తే ఏ కూలరూ కాపాడదు. అది గేర్‌బాక్స్ నూనెను చల్లబరుస్తుంది అంతే. బ్రేకులకూ సస్పెన్షన్‌కూ కొత్త బలం ఇవ్వదు, కంపెనీ రాసిన హద్దును పెంచదు. రెండో కుటుంబం వేరే కారులో వస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇక వేడి సంగతి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. నూనెలో మునిగిన రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా ఉన్నాయనుకోండి. ఇంజిన్ వైపు ఫ్యాన్ విసిరిన నూనె తాకిడికి గేర్ల వైపు ఫ్యాన్ తిరుగుతుంది. రెండింటి వేగంలో ఎంత తేడా ఉంటే అంత వేడి పుడుతుంది. సాఫీగా హైవే మీద పోతున్నప్పుడు లోపల లాకప్ క్లచ్ రెండింటినీ కలిపేస్తుంది కాబట్టి వేడి తగ్గుతుంది. వెనక బండిని లాగుతూ రాటన్ పాస్ ఎక్కేటప్పుడు ఆ లాకప్ మాటిమాటికీ విడిపోతుంది. న్యూ మెక్సికో నుంచి కొలరాడోలోకి ఐ-25 హైవే మీద మీరు దాటే ఆ కనుమ ఎత్తు 7,834 అడుగులు. అసలు పరీక్ష అక్కడే.

ఈ నూనెను చల్లార్చడానికి చాలా బండ్లలో రేడియేటర్ ట్యాంకు లోపలే ఒక చిన్న గొట్టం అమర్చి ఉంటుంది. మామూలు వాడకానికి అది చాలు. ఏటీఎఫ్, అంటే ఆ గేర్‌బాక్స్ నూనె, 175 నుంచి 200 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య హాయిగా ఉంటుంది. 240 దాటితే జిగురు కట్టడం మొదలవుతుందని, 260 దగ్గర రబ్బరు సీళ్లు గట్టిపడతాయని మెకానిక్‌ల దగ్గర పాత పట్టిక ఒకటి తిరుగుతుంటుంది. ఇప్పటి సింథటిక్ నూనెలు దానికంటే ఓర్చుకుంటాయి. అయినా ఆ పట్టికను నమ్మి జాగ్రత్తపడితే పోయేదేమీ లేదు.

అందుకే కూలర్‌కి ముందు ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్ లెక్కలు చదివే పరికరం) కొనండి. అమెరికాలో 1996 నుంచి అన్ని కార్లలోనూ స్టీరింగ్ కింద ఓబీడీ-2 పోర్ట్ ఉంటుంది. ఇరవై ముప్పై డాలర్ల బ్లూటూత్ అడాప్టర్ దానికి తగిలిస్తే ఫోన్‌లో ఇంజిన్ వివరాలు కనిపిస్తాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. గేర్‌బాక్స్ నూనె ఉష్ణోగ్రత స్టాండర్డ్ జాబితాలో దొరకదు, ఒక్కో కంపెనీకి ఒక్కో కోడ్. కాబట్టి యాప్‌లో 'కూలెంట్ టెంపరేచర్' చూసి అదే గేర్‌బాక్స్ వేడి అనుకోవద్దు. కార్ స్కానర్, ఓబీడీ ఫ్యూజన్ లాంటి యాప్‌లలో మీ కారు కంపెనీ ప్రొఫైల్ ఎంచుకుని ట్రాన్స్‌మిషన్ సెన్సర్ కోసం వెతకండి. ఒక శనివారం మధ్యాహ్నం మంచి ఎండలో క్యాంపర్ తగిలించుకుని ఓ గంట తిరగండి. పక్క సీట్లో ఇంకొకరు కూర్చుని అంకెలు రాసుకోవాలి, మీరు రోడ్డు చూడాలి. టెక్సాస్ ఎండలో సమతల రోడ్డు మీదే 215, 220 తాకుతుంటే రాటన్ దగ్గర ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అప్పుడు కూలర్ తప్పదు. మాన్యువల్ టోయింగ్‌కి కూలర్ పెట్టమని చెబుతుంటే ఈ పరీక్ష అక్కర్లేదు, నేరుగా పెట్టించేయండి.

కొనేటప్పుడు 'స్టాక్డ్ ప్లేట్' (పలకలు దొంతరగా పేర్చిన) రకం తీసుకోండి. వంకర్లు తిరిగిన ఒకే గొట్టానికి రేకులు తొడిగిన పాత రకం చవకే కానీ అదే సైజులో పనితనం తక్కువ. హేడెన్, ట్రూ-కూల్, బీ అండ్ ఎం పేర్లు అక్కడి పార్ట్స్ షాపుల్లో బాగా వినిపిస్తాయి. మీ అవసరానికి వంద డాలర్ల లోపే దొరుకుతుంది. మరీ పెద్దది వద్దు, గ్రిల్ వెనక ఏసీ కండెన్సర్ (ఏసీ గ్యాసును చల్లార్చే రేకుల పెట్టె) ముందు నిబ్బరంగా కూర్చునేంత చాలు.

బిగించడం కష్టమేమీ కాదు. కానీ రెండు చోట్ల అందరూ బోల్తా పడతారు.

మొదటిది, ఏ గొట్టం తిరుగు గొట్టం అన్నది. గేర్‌బాక్స్ నుంచి వేడి నూనె ఒక గొట్టంలో రేడియేటర్‌కి వెళ్తుంది, రెండో దాంట్లో వెనక్కి వస్తుంది. కొత్త కూలర్‌ని ఈ రెండో దారిలో, రేడియేటర్ తర్వాత పెట్టాలి. చేత్తో తాకి, ఏది ఎక్కువ కాలుతుంటే అది వెళ్లే గొట్టం అని చెప్పేవాళ్లు ఉన్నారు. నమ్మకండి. ఇంజిన్ స్టార్ట్ చేసిన కొత్తల్లో నూనె కంటే రేడియేటర్ నీరే ముందు వేడెక్కుతుంది. అప్పుడు రేడియేటర్ నూనెను చల్లబరచకపోగా వెచ్చబెడుతుంది, లెక్క తారుమారవుతుంది. నమ్మకమైన పద్ధతి వేరే ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గేర్ పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం పెట్టండి. రేడియేటర్ దగ్గర ఒక హోస్ (రబ్బరు గొట్టం) ఊడదీసి, హోస్ కొసనూ రేడియేటర్ మూతినీ చెరొక సీసాలోకి వంచండి. ఇంకొకరు ఇంజిన్ రెండు సెకన్లు స్టార్ట్ చేసి ఆపేయాలి. నూనె రేడియేటర్ మూతి నుంచి వస్తే మీరు ఊడదీసింది తిరుగు గొట్టం. హోస్‌లోంచి చిమ్మితే అది వెళ్లే గొట్టం. రెండు సెకన్లంటే రెండే, నూనె లేకుండా పంపు తిరగకూడదు.

రెండోది, హోస్. పెట్రోల్ హోస్ చవకగా దొరుకుతుంది, చూడ్డానికీ అచ్చం అలాగే ఉంటుంది. గేర్‌బాక్స్ నూనె వేడికి అది నెలల్లో గట్టిపడి పగులుతుంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్‌కని ముద్ర వేసిన హోసే వాడాలి. కిట్‌లో వచ్చేది సాధారణంగా 11/32 అంగుళాలు ఉంటుంది, 5/16, 3/8 గొట్టాలు రెండింటికీ సరిపోతుంది. గొట్టం అంచున ఉబ్బెత్తుగా ఉన్న భాగం దాటేలా హోస్ లోపలికి ఎక్కించి, ఆ ఉబ్బు వెనక క్లాంప్ బిగించాలి. వంద మైళ్లు తిరిగాక క్లాంపులు మళ్లీ ఒకసారి చూడండి. గేర్‌బాక్స్‌లు పాడయ్యేది కూలర్ లేక మాత్రమే కాదు, కూలర్ పెట్టిన నెలకే హోస్ ఊడి, హైవే మీద నూనె మొత్తం కారిపోయి కూడా పాడవుతాయి.

కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ పుల్లలు కూడా పక్కన పడేయండి. రేకుల మధ్యగా గుచ్చి కూలర్‌ని నేరుగా కండెన్సర్‌కి కట్టేయమని ఇస్తారు వాటిని. పదిహేనేళ్ల కిందట న్యూజెర్సీలో మా బావమరిది పాత సెడాన్‌కి నేనూ అలాగే కట్టాను. పావుగంటలో పని అయిపోయిందని మురిసిపోయాం. రెండు వేసవులు గడిచేసరికి ఆ అదురుకి కూలర్ కండెన్సర్‌ని రాసి రాసి చిల్లు పెట్టింది. ఏసీ గ్యాసు మొత్తం పోయింది. ఆ రిపేరు ఖర్చు కూలర్ ధరకి ఎన్ని రెట్లో మా చెల్లెలు ఇప్పటికీ పండక్కి పండక్కి గుర్తు చేస్తుంది. రేకు పట్టీలు పెట్టి బాడీ ఫ్రేముకే బిగించండి, కండెన్సర్‌కి కాస్త ఎడం ఉంచండి. నూనె వెళ్లే మూతులు పైకో పక్కకో ఉండాలి. కిందికి ఉంటే లోపల గాలి చిక్కుకుంటుంది.

అంతా అయ్యాక నూనె కొలత. కూలర్, హోస్‌ల్లోకి అర లీటరు దాకా అదనంగా పడుతుంది. మీ ఆరు గేర్ల ఒడిస్సీకి హోండా డీడబ్ల్యూ-1 నూనె. 'అన్ని కార్లకూ' అని రాసిన డబ్బా జోలికి పోవద్దు. కొలత చూసే పద్ధతి బండిబండికీ వేరు. చాలా కంపెనీలవి ఇంజిన్ నడుస్తుండగా చూడాలి, డిప్‌స్టిక్ (నూనె కొలిచే పుల్ల) ఉన్న హోండాలకు బండి వేడెక్కాక ఇంజిన్ ఆపి, నిమిషం నిమిషంన్నర లోపు చూడాలి. డిప్‌స్టిక్కే లేని బండ్లలో పక్కన బోల్టు విప్పి చూస్తారు. మీదానికి మాన్యువల్ ఏం చెబితే అదే.

గూగుల్‌లో వెతికితే 'ఒడిస్సీ గేర్‌బాక్స్‌లు వేడికి పోతాయి' అని పాత కథలు బోలెడు కనిపిస్తాయి. అవి ఎక్కువగా పాత తరాల బండ్లవి. 2004లో హోండా పది లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచింది, అందులో 2002-04 ఒడిస్సీలూ ఉన్నాయి. రెండో గేరు దగ్గర నూనె చాలక వేడెక్కడం అక్కడి సమస్య. తక్కువ మైళ్లు తిరిగిన బండ్లకు కూలర్ నుంచి తిరిగొచ్చే నూనె దారినే మార్చి ఆ గేరు మీద పడేలా చేశారు. మీది ఆ గేర్‌బాక్స్ కాదు.

షికాగో, మినియాపోలిస్ వైపు చదువరులకు ఒక మాట. మీ చలికి నూనె మరీ చల్లబడినా ఇబ్బందే, లాకప్ ఆలస్యంగా పడుతుంది. థర్మోస్టాట్ బైపాస్ (నూనె చల్లగా ఉన్నప్పుడు దాన్ని కూలర్‌లోకి పోనివ్వకుండా మళ్లించే ఏర్పాటు) ఉన్న కూలర్ తీసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాం. ఆటోమేటిక్ కారు కొని ఏడాదైంది. ఏడాదికి మూడు నాలుగుసార్లు తిరుమల, శ్రీశైలం వెళ్తుంటాం. ఘాట్ రోడ్లకి గేర్‌బాక్స్ కూలర్ పెట్టించుకోమని మాకు తెలిసిన మెకానిక్ అంటున్నాడు. పెట్టించమంటారా?

జవాబు: వద్దు. ముందు మీ 'ఆటోమేటిక్' ఏ రకమో కనుక్కోండి, మన దగ్గర ఆ ఒక్క మాట కింద నాలుగు రకాలు అమ్ముతున్నారు. 2014లో మారుతి సెలెరియోతో మన దేశానికి వచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ మన కాలి బదులు మోటార్ తొక్కుతుంది. చల్లబరచడానికి అందులో తిరిగే నూనే లేదు, ఇక కూలర్ దేనికి? పొడి క్లచ్‌ల డీసీటీకీ (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే రకం) అదే మాట. ఈ రెండు రకాల బండ్లలో ఘాట్ మీద ట్రాఫిక్ ఆగినప్పుడు యాక్సిలరేటర్ తొక్కి బండిని నిలబెట్టొద్దు. కాలేది క్లచ్. బ్రేక్ వేసి ఆగండి.

సీవీటీ (గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే రకం) అయితే చాలా బండ్లలో రేడియేటర్ నీటితో నూనెను చల్లార్చే చిన్న డబ్బా గేర్‌బాక్స్‌కే అతికి ఉంటుంది. కోసి కలపడానికి బయట గొట్టాలే ఉండవు. మీ మెకానిక్ ఏం కోద్దామనుకుంటున్నాడో అడగండి. పైగా బండి వారంటీలో ఉంది. కూలర్‌కి పెట్టే డబ్బుతో కండెన్సర్, రేడియేటర్ మధ్య పేరుకున్న దుమ్ము, చెత్త శుభ్రం చేయించండి. మన రోడ్ల మీద ఆ పొరే సగం వేడికి కారణం. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేయకుండా ఎల్ (తక్కువ గేరు) గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడండి, బ్రేకులు బతుకుతాయి.

ప్రశ్న: కారు ఓబీడీ పోర్ట్‌కి తగిలించే ఈఎల్ఎం327 చిప్ బ్లూటూత్ అడాప్టర్ కొన్నాను. మా నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోన్‌కి కలుస్తోంది, నా ఐఫోన్‌కి కలవడం లేదు. చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు. మీరు కొన్నది పాత తరహా బ్లూటూత్‌ది, ఐఫోన్ యాప్‌లు దానితో మాట్లాడవు. బ్లూటూత్ ఎల్ఈ (తక్కువ కరెంటు తాగే కొత్త తరహా) లేదా వై-ఫై అని రాసి ఉన్నది కావాలి. వై-ఫై రకమైతే యాప్ సెట్టింగ్స్‌లో సాధారణంగా 192.168.0.10 చిరునామా, 35000 పోర్ట్ ఇవ్వాలి. పెట్టె మీద 'వెర్షన్ 1.5' అని ఉంటే అది నకలు చిప్ అన్నమాట. అసలు చిప్ తయారుచేసిన కెనడా కంపెనీ ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ ఆ నంబరుతో ఏదీ విడుదల చేయలేదు. 2022లో ఆ కంపెనీయే మూతపడింది. నకళ్లలోనూ పనిచేసేవి ఉన్నాయి కాబట్టి మీది నాన్నగారికి ఇచ్చేయండి. యాప్ లొకేషన్ అడిగితే పర్వాలేదు, కాంటాక్ట్స్ అడిగితే మాత్రం ఇవ్వకండి. వారం రోజులు బండి కదలదు అనుకుంటే అడాప్టర్ పీకి డాష్‌బోర్డ్ అరలో పెట్టండి, అది బ్యాటరీని నెమ్మదిగా తాగుతూనే ఉంటుంది.