ప్లాను తిప్పమంటే ఒప్పుకోకు

చిట్టీ,

యూనివర్సిటీ వాళ్లు కొత్త తరగతుల భవనం డిజైన్ నీకే అప్పగించారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎంత గర్వంగా ఉందో! కానీ నువ్వు పంపిన బొమ్మలో ముందు గోడంతా గాజే ఉంది. నా టెన్షనంతా దాని గురించే.

సోలార్ ప్యానెళ్లు, వాన నీటి నిల్వ, కరెంటు తక్కువ తినే దీపాలు నీకు తెలిసినవే, పెట్టేయ్. అవి పెట్టినంత మాత్రాన పని అయిపోయిందనుకోకు.

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వారి హిస్టరీ ఫ్యాకల్టీ భవనం ఉంది. జేమ్స్ స్టర్లింగ్ డిజైన్, 1968లో పూర్తయింది. లైబ్రరీ రీడింగ్ రూమ్ మీదికి వాలుగా దిగే పెద్ద గాజు కప్పు. ఆ ఫొటోలు చూసి మా తరమంతా మురిసిపోయింది. అయితే డిజైన్ అయ్యాక స్థలంలో కొంత చేతికి రాలేదు. అప్పుడు కొత్తగా గీయకుండా, ఉన్న ప్లానునే 90 డిగ్రీలు తిప్పి కూర్చోబెట్టారు. కాగితం మీద తిప్పితే ఏమీ మారినట్టు కనిపించదు. గాజు మాత్రం ఎండ ఎక్కువ తగిలే వైపుకు వచ్చేసింది. వేసవిలో లోపల ఉడికిపోవడం, చలికాలంలో వణకడం, పైనుంచి నీళ్లు కారడం. బయటి టైల్స్ కూడా ఊడాయి. అన్నిటికీ తిప్పడమే కారణం కాదు, కానీ లోపలి వేడిని అది ఇంకా పెంచింది. 1980ల్లో కూల్చేద్దామా అన్నదాకా వెళ్లింది వ్యవహారం.

అందుకే గట్టిగా చెబుతున్నా. స్థలం మొత్తం యూనివర్సిటీ చేతిలో ఉందని కాగితాలు చూశాకే పని మొదలుపెట్టు. మధ్యలో ఎవరైనా "కాస్త తిప్పితే సరిపోతుంది కదా మేడం" అంటే ఒప్పుకోకు. మళ్లీ మొదట్నుంచి గీయి. గడువు దాటుతుందని సణగకు. నామీద కోపమొచ్చినా సరే, ఈ ఒక్క మాట విను.

చిన్నప్పుడు నువ్వు కిటికీ దగ్గర చదువుకుంటూ, ఎండ పుస్తకం మీదికి వస్తే చాప పక్కకి లాక్కునేదానివి. ఎంత ముద్దుగా ఉండేదానివో. తరగతిలో పిల్లలకు అలా పక్కకి జరిగే వీలుండదు తల్లీ. బోర్డు మీద ఎండ పడితే కర్టెన్లు లాగేసి లైట్లు వేసుకుంటారు. ఇక అంత గాజు పెట్టి ఏం లాభం?

గాలి సంగతీ అంతే. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. 150 మంది ఉన్న హాలంటే 15 కిలోవాట్లు. దానికి తోడు గాలి ఆడకపోతే పిల్లలకు మత్తు వస్తుంది, తప్పు పాఠానిది అనుకుంటారు. ఇంగ్లండ్‌లోనే లెస్టర్ ఊళ్లో డి మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీ వారి క్వీన్స్ బిల్డింగ్ చూడు, 1993 నాటిది. వేడిగాలి ఎత్తైన చిమ్నీల్లోంచి పైకి పోతుంటే, కిందనుంచి బయటి గాలి దానంతటదే లోపలికి వస్తుంది. లెక్చర్ హాళ్లకూ అదే పద్ధతి. ఆ చిమ్నీలే దానికి అందం. అలాగని ఉన్నదున్నట్టు దించేయకు, నీ స్థలంలో ఎండ, గాలి లెక్క వేసుకుని చూడు.

కట్టి ఇచ్చాక ఏడాది పాటు వెళ్లి చూసే పని కూడా ఒప్పందంలో ముందే రాయించుకో. ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి వెళ్లు. కరెంటు బిల్లులు చూడు, వెనక బెంచీ వాళ్లను అడుగు.

సైటు ప్లాను కాగానే నాకు పంపు. రాత్రుళ్లు మేలుకోకు.

నీ పెదనాన్న