యమహా ఫేజర్ 25 మన దగ్గర ఎందుకు అమ్ముడుపోలేదు?

2017 ఆగస్టులో వచ్చిన ఫేజర్ 25 బైక్ ఆడకపోవడానికి ముఖ్య కారణం, అది యమహా వాళ్ల ఎఫ్‌జెడ్25 బైక్‌కే ఫెయిరింగ్ (గాలిని అడ్డుకునే ముందు తొడుగు) తొడిగిన బండి కావడం. దూర ప్రయాణాలకు కావలసిన అదనపు సత్తా అందులో లేదు.

ఇంజిన్ అదే 249 సీసీ, అదే 20.9 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి, అవే ఐదు గేర్లు. బరువు మాత్రం 148 నుంచి 154 కిలోలకు పెరిగింది, ధర సుమారు పది వేలు ఎక్కువైంది. హైవే మీద వంద దాటించి గంటల తరబడి నడిపేవాళ్లకు ఆరో గేర్ లేని లోటు బాగా తెలుస్తుంది. ముందు భాగం ఉబ్బెత్తుగా ఉండటం కూడా చాలామందికి నచ్చలేదు. టూరింగ్ బండి అని చెప్పి మొదట్లో ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) ఇవ్వకపోవడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద తప్పు. అది 2019లో గానీ రాలేదు.

పైగా, వచ్చినప్పుడు ఢిల్లీ ఎక్స్‌షోరూమ్‌లో దీని ధర దాదాపు 1.28 లక్షలు ఉండేది. దానికి ఇంకాస్త కలిపితే 373 సీసీ, 35 పీఎస్, ఆరు గేర్లున్న బజాజ్ డోమినార్ 400 వచ్చేది. లాంగ్ రైడ్‌లకే బండి కొనేవాళ్లు అటే మొగ్గారు.

బీఎస్6 కాలుష్య నిబంధనల వల్లే ఇది ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. అదే ఇంజిన్‌ను 2020లో బీఎస్6కు మార్చి ఎఫ్‌జెడ్25, ఎఫ్‌జెడ్ఎస్25లలో ఇచ్చారు. పక్కన పెట్టింది ఫేజర్‌ను మాత్రమే.