చలి సరస్సులో దిగబోయే అబ్బాయికి

చి॥ అబ్బాయికి,
కావలి నుంచి పెదనాన్న దీవించి రాయునది.

నువ్వు ఈ చలికాలం కెనడా పక్కనుండే ఆంటారియో సరస్సులో, వీపున గాలి సిలిండర్ కట్టుకుని స్కూబాకి దిగుతున్నావని తెలిసినకాడి నుంచి మీ అమ్మకి నిద్ర లేదు. నిమ్ము చేరుద్దని ఆమె భయం. ఒంటి సంగతి నీళ్లు లోపలికి రానియ్యని డ్రై సూటు చూసుకుంటది, నా దిగులంతా సిలిండర్లో గాలిని ఊపిరికి తగ్గట్టు నోటికి అందించే నీ రెగ్యులేటర్ మీదే.

సంక్రాంతి తెల్లవారుజామున సోమశిల నీళ్లలో చెయ్యి పెట్టి చలి అనుకుంటామే, అది చలి కాదు. నువ్వు దిగే సరస్సు అడుగున నీళ్లు 4 డిగ్రీల దగ్గరుంటాయి, పైన ఇంకా తక్కువ. సిలిండర్లో 200 బార్ల ఒత్తిడితో ఉన్న గాలి రెగ్యులేటర్లో మొదటి భాగం, అదే ఫస్ట్ స్టేజి, దాటేసరికి ఒక్కసారిగా పది బార్ల చిల్లరకు పడిపోద్ది. సైకిల్ పంపు కొడితే గొట్టం ఎట్టా వేడెక్కుద్దో, గాలి విచ్చుకునేటప్పుడు అట్టా చల్లబడుద్ది. నీళ్లే 4 డిగ్రీలయితే ఆ ఇత్తడి సున్నా కిందికి పోద్ది. సముద్రం నీళ్లు సున్నాకి గడ్డకట్టవు, మంచినీళ్లు కడతాయి. ఆ మంచుకి రెగ్యులేటర్ లోపలి వాల్వు మూసుకోకుండా ఇరుక్కుంటే గాలి బుసబుసా పోతానే ఉంటది.

అందుకని, చన్నీళ్లకని పరీక్షించిన రెగ్యులేటరే తీసుకో. దానిమీద 10 డిగ్రీలకు పైన అనే గుర్తుంటే ముట్టుకోవద్దు. గట్టుమీద నోట్లో పెట్టుకుని ఊపిరి తీసి చూడబాకు. నీ ఊపిరిలో తేమ ఆ చలిగాలికి లోపలే గడ్డకడుద్ది. నీళ్లలో మునిగాకే మొదటి ఊపిరి. సూటులోకి గాలి నింపేటప్పుడు ఊపిరి పీల్చొద్దు, బటను కూడా కొంచెం కొంచెంగా నొక్కు. చలిదేశాల్లో పనిచేసినన్నాళ్లూ నేను సిలిండర్‌కి రెండు వాల్వులు, రెండు ఫస్ట్ స్టేజిలు లేకుండా దిగలేదు. ఒకటి గడ్డకడితే దాని వాల్వు కట్టేసి రెండోదాంతో పైకి రావచ్చు. ఆ వాల్వు కట్టటం లావు గ్లౌజులతో, కళ్లు మూసుకుని, ఈతకొలనులో చేతికి అలవాటయ్యేదాకా చెయ్యి.

నువ్వు నేర్చుకుంది అండమాన్ సముద్రంలో. అక్కడ మునగటానికి ఒంటికి కట్టుకున్న సీసం బరువు లెక్క ఈ సరస్సులో పనికిరాదు. మంచినీళ్లు తేలిక కాబట్టి బరువు తగ్గాలి, డ్రై సూటులో గాలి ఉంటది కాబట్టి పెరగాలి. ఒడ్డు దగ్గరే తేలి చూసుకుని సరిచేసుకో. వెచ్చటి గదిలో 200 చూపించిన సిలిండర్ గేజి నీళ్లలో 185 చూపిస్తే లీకని కంగారుపడబాకు, చల్లబడితే ఒత్తిడి తగ్గుద్ది. గాలిలో మూడో వంతు పోను, మూడో వంతు రాను, మిగతాది తాకొద్దు.

లోపల ఉన్నంతసేపూ బొటనవేలితో చిటికెనవేలిని తాకిస్తా ఉండు. అందలేదా, చేతులు చలికి మొద్దుబారినట్టే, ఇంకేమీ ఆలోచించకుండా డైవ్ ఆపి, నిదానంగా పైకి రా. ఆ చేతుల్తో బకిలు కూడా విప్పలేవు. వచ్చాక వెంటనే వేడినీళ్ల స్నానం వద్దు, సిలిండర్లు మొయ్యొద్దు. నెత్తురులో బుడగలు రేగుతాయి. పొడి బట్టలు, వేడి టీ చాలు. మందు తాగటం మాత్రం దిగే ముందూ వద్దు, తర్వాతా వద్దు.

మొదట్లో పది మీటర్లు దాటొద్దు, ఆ సరస్సు తెలిసినవాళ్లు పక్కన లేకుండా దిగొద్దు. మంచుపలక కిందికి మాత్రం దానికని వేరే శిక్షణ, పైన తాడు పట్టుకునే మనిషి లేకుండా ఎవరు పిలిచినా పోబాకు.

ఇట్లు,
పెదనాన్న