పీఏ చదువు: రోగి దగ్గర మొదలుపెట్టండి, జబ్బు పేరు దగ్గర కాదు

ఈ నెల శీర్షిక మొత్తం ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ, అంటే డాక్టర్లతో కలిసి రోగుల్ని చూసి వైద్యం చేసే వృత్తి) కోర్సు చదువుతున్నవాళ్ళకీ, చదవాలనుకుంటున్నవాళ్ళకీ. అమెరికాలో మన పిల్లలు ఎండీ, నర్సింగ్ కాకుండా ఈ దారి కూడా గట్టిగానే పట్టుకుంటున్నారు, ప్రశ్నలూ ఆ స్థాయిలోనే వస్తున్నాయి. నేను ఎమర్జెన్సీ విభాగంలో పీఏగా పనిచేస్తూ రొటేషన్‌కి (ఆసుపత్రి శిక్షణకి) వచ్చే విద్యార్థులకి చెబుతుంటాను కాబట్టి జవాబులన్నీ ఆ కోణం నుంచే ఉంటాయి.

అక్కా, నేను డల్లాస్‌లో పీఏ మొదటి సంవత్సరం. గుండె, ఊపిరితిత్తులు రెండుసార్లు చదివాను. పుస్తకం మూస్తే అన్నీ గుర్తున్నట్టే ఉంటుంది, ప్రశ్న చూస్తే ఏదీ తట్టదు. మళ్ళీ మొదటి నుంచి చదవాలా?

మొదటి నుంచి వద్దు, అటు చివర నుంచి చదువు. పుస్తకం జబ్బు పేరుతో మొదలవుతుంది, దాని కింద లక్షణాలు ఉంటాయి. రోగి మాత్రం లక్షణంతోనే వస్తాడు, పరీక్షలో ప్రశ్న కూడా అలాగే వస్తుంది. నువ్వు చదివిన దిక్కు ఒకటి, నిన్ను అడిగే దిక్కు ఇంకొకటి, అందుకే తట్టడం లేదు.

ఒక తెల్ల కాగితం తీసుకుని పైన ఛాతీ నొప్పి అని రాయి. యాభై ఐదేళ్ళ మనిషి, గంట నుంచి నొప్పి, ఒళ్ళంతా చెమటలు. నీ మనసులోకి మొదట రావాల్సింది ఏది ఎక్కువగా వస్తుందన్నది కాదు, వీటిలో ఈ గంటలో ప్రాణం తీసేది ఏది అన్నది. అలాంటివి ఆరు ఉన్నాయి: హార్ట్ ఎటాక్, అయోర్టిక్ డిసెక్షన్ (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని గోడ చీలడం), పల్మనరీ ఎంబాలిజం (ఊపిరితిత్తి ధమనిలో గడ్డ అడ్డుపడడం), టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తిని, గుండెని నొక్కేయడం), టాంపొనేడ్ (గుండె చుట్టూ ద్రవం చేరి దాన్ని నొక్కేయడం), అన్నవాహిక చిరగడం. ఒక్కోదాని పక్కన, రోగి చెప్పే మాట, నీ చేతికో చెవికో దొరికే గుర్తు, మొదట చేసే పరీక్ష, మొదట ఇచ్చే చికిత్స రాసుకో. డిసెక్షన్ అయితే చీల్చినట్టు వీపులోకి పోయే నొప్పి, రెండు చేతుల్లో బీపీ తేడా, సీటీ యాంజియో, ముందు బీటా బ్లాకర్ (గుండె వేగం, బీపీ తగ్గించే మందు). ఎంబాలిజం అయితే ఉన్నట్టుండి ఆయాసం, ఒక కాలు వాపు, ఈ మధ్య ఆపరేషనో హైదరాబాద్ నుంచి వచ్చిన సుదీర్ఘ విమాన ప్రయాణమో. టెన్షన్ న్యూమోథొరాక్స్‌కి ఎక్స్‌రే కోసం ఆగకూడదు, ఒక పక్క శ్వాస శబ్దం లేదు, బీపీ పడిపోతోంది అంటే వెంటనే ఛాతీలో గాలి తీసేయాలి. విపరీతంగా వాంతులయ్యాక మొదలైన నొప్పి అంటే అన్నవాహిక గుర్తుకు రావాలి.

ఇక హార్ట్ ఎటాక్ దగ్గర కాసేపు ఆగు, ఎందుకంటే ఇక్కడ అడిగేది బాగా లోతుగా ఉంటుంది. రోగి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి చదవాలి. ఈసీజీలో రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ అనే గీత భాగం పైకి లేచింది అనుకో, అది గుండె కింది గోడ, చాలామందిలో కుడి కరొనరీ ధమని పని. అదే ధమని కుడి వెంట్రికల్‌కి (గుండె కింది గదికి) కూడా రక్తం ఇస్తుంది. కుడి వెంట్రికల్ దెబ్బతింటే దానికి ముందుకు నెట్టే బలం ఉండదు, వెనక నుంచి వచ్చి నిండే రక్తం మీదే బతుకుతుంది. నువ్వు నైట్రోగ్లిజరిన్ ఇస్తే సిరలు వదులై ఆ రక్తమే తగ్గిపోతుంది, బీపీ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. అందుకే ముందు కుడి పక్క లీడ్ వీ4ఆర్ చూడాలి, అక్కడ కూడా ఎస్‌టీ లేస్తే నైట్రో ఆపి సెలైన్ గురించి ఆలోచించాలి. ఈ ఒక్క వరస కారణంతో సహా అర్థమైతే ఎనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ మూడూ ఒకేసారి రివైజ్ అయినట్టే.

ఇంకొకటి, పుస్తకంలో ఒక లైనులో అయిపోయేది. షుగర్ ఉన్నవాళ్ళకీ పెద్ద వయసు ఆడవాళ్ళకీ అసలు నొప్పే లేకపోవచ్చు, ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే ఉండొచ్చు. పిల్లల దగ్గరికి వచ్చిన మన అమ్మలు, అత్తయ్యలు గ్యాస్ పట్టేసిందమ్మా అని ఒక మాత్ర వేసుకుని పడుకుంటారు. అలాంటివాళ్ళు నీ ముందుకు వస్తే, ఎంత మామూలుగా చెప్పినా సరే, ఈసీజీ తీయించు.

ఇదే పద్ధతిలో ఆయాసం, కడుపునొప్పి, తలనొప్పి, స్పృహ తప్పడం, జ్వరం చేసుకో. ఒక్కోదానికి ఒక కాగితం చాలు.

మర్మర్లు (గుండెలో వినిపించే అదనపు శబ్దాలు) బట్టీ పట్టి పట్టి విసుగొచ్చింది మేడమ్. వాల్సాల్వా చేస్తే ఏది పెరుగుతుంది, కూర్చుంటే ఏది తగ్గుతుంది, అంతా కలగాపులగం. సులువైన గుర్తు ఏమైనా ఉందా? (న్యూజెర్సీ)

గుర్తులు పెట్టుకోవడం మానేయండి, రక్తం ఎటు పోతోందో చూడండి. వాల్సాల్వా అంటే ఊపిరి బిగబట్టి ముక్కడం. అప్పుడు గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. రక్తం తగ్గితే కవాటం గుండా పోయేదీ తక్కువే, కాబట్టి దాదాపు అన్ని మర్మర్లూ నెమ్మదిస్తాయి, అయోర్టిక్ స్టెనోసిస్ (ఆ కవాటం ఇరుకవడం) కూడా అంతే. ఇక హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి లెక్క వేరు. అక్కడ అడ్డం కవాటం దగ్గర లేదు, లావెక్కిన గోడే అడ్డం. వెంట్రికల్ సరిగా నిండకపోతే గోడలు ఇంకా దగ్గరికొచ్చి దారి ఇంకా ఇరుకవుతుంది, శబ్దం పెరుగుతుంది. లేచి నిలబడినా అదే జరుగుతుంది. గొంతుక్కూర్చుంటే కాళ్ళలోని రక్తం పైకి వచ్చి వెంట్రికల్ నిండుతుంది, గోడలు దూరం జరుగుతాయి, మర్మర్ తగ్గుతుంది. ఆట మధ్యలో స్పృహ తప్పిన కుర్రాడి ప్రశ్నలో వెతకాల్సింది ఇదే.

మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ (ఆ కవాటం రెక్క వెనక్కి ఉబ్బడం) కూడా ఈ గుంపులోకే వస్తుంది, నిలబడితే క్లిక్ ముందుకు జరిగి మర్మర్ పొడవవుతుంది. కుడి పక్క కవాటాల శబ్దాలు ఊపిరి పీల్చినప్పుడు పెరుగుతాయి. పిడికిలి గట్టిగా బిగిస్తే ఎదురు ఒత్తిడి పెరిగి వెనక్కి కారే రక్తం ఎక్కువవుతుంది, కాబట్టి మైట్రల్, అయోర్టిక్ రిగర్జిటేషన్లు పెరుగుతాయి. ఇంతకు మించి బట్టీ అక్కర్లేదు.

మైట్రల్ స్టెనోసిస్‌ని మాత్రం అరుదు అని పక్కన పెట్టేయకండి. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం తాలూకు మచ్చ అది, అమెరికాలో పుట్టిపెరిగినవాళ్ళలో తక్కువే గాని మన దేశంలో ఇంకా ఉంది. అక్కడ పెరిగి ఇక్కడికొచ్చిన అమ్మాయి గర్భంతో ఉండి, నెలలు నిండుతున్నకొద్దీ ఆయాసం పెరుగుతోందంటే, గర్భిణులకు మామూలే అని పంపకుండా ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టి, గుండె కొన దగ్గర స్టెత్ బెల్ ఆనించి వినండి. గర్భంలో రక్తం పరిమాణం, గుండె వేగం రెండూ పెరుగుతాయి, ఇరుకైన కవాటం తట్టుకోలేదు.

మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ చదువుతోంది. ఇది పూర్తిచేసి అమెరికాలో పాన్స్ (పీఏ లైసెన్స్ కోసం రాసే) పరీక్ష రాయొచ్చని కన్సల్టెన్సీవాళ్ళు చెప్పారు, నిజమేనా? (గుంటూరు నుంచి ఒక తండ్రి)

కాదండీ. పాన్స్ రాయాలంటే అమెరికాలో ఏఆర్‌సీ-పీఏ (పీఏ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లోనే చదివి పాసవ్వాలి. మన బీఎస్సీతో గాని, ఎంబీబీఎస్‌తో గాని నేరుగా రాయడానికి లేదు. డబ్బు కట్టకముందే ఈ ఒక్క సంగతి తెలుసుకోవడం ముఖ్యం.

అలాగని అమ్మాయి చదువు వృథా అనుకోకండి. మన దేశంలో ఈ కోర్సు 1992లో మద్రాసులో డాక్టర్ కె.ఎం.చెరియన్ చొరవతో గుండె ఆపరేషన్ల విభాగం అవసరాల కోసం మొదలైంది, 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో దీనికి చోటు ఉంది. కార్డియాలజీ, సర్జరీ విభాగాల్లో పని దొరుకుతుంది. అమెరికాయే కావాలంటే అక్కడి పీఏ స్కూల్‌కి మొదటి నుంచి దరఖాస్తు చేయాలి, చాలా స్కూళ్ళు కొన్ని సైన్స్ సబ్జెక్టులు అమెరికన్ కాలేజీలోనే చదవాలంటాయి, రోగులతో నేరుగా పనిచేసిన గంటలూ అడుగుతాయి. ఆ గంటలకి అమ్మాయి ఇక్కడి ఉద్యోగాన్ని లెక్కలోకి తీసుకుంటారా అని ఒక్కో స్కూల్‌నీ విడిగా అడిగి, జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి.

ఏబీజీ (ధమని రక్తంలో ఆమ్లం, వాయువుల రిపోర్టు) చూస్తే చాలు టెన్షన్ వచ్చేస్తుంది. ఫార్ములాలు గుర్తుండవు. (షార్లెట్)

ఒక రోగిని తీసుకుందాం. ఇరవై ఏళ్ళ అబ్బాయి, రెండు రోజులుగా వాంతులు, విపరీతమైన దాహం, లోతుగా వేగంగా ఊపిరి. పీహెచ్ 7.22, కార్బన్ డయాక్సైడ్ 20, బైకార్బొనేట్ 8, సోడియం 132, క్లోరైడ్ 98.

పీహెచ్ 7.35 కంటే తక్కువ, కాబట్టి ఆమ్లం ఎక్కువ. బైకార్బొనేట్ 22 ఉండాల్సింది 8 ఉంది, కాబట్టి గొడవ మెటబాలిక్ వైపు. యానియన్ గ్యాప్ చూడండి: 132 లోంచి 98, 8 తీసేస్తే 26. 12 దాకా మామూలు అనుకుంటే ఇది రెట్టింపు దాటింది, అంటే లోపల ఏదో కొత్త ఆమ్లం తయారవుతోంది. ఇక్కడిదాకా అందరూ చేస్తారు. తర్వాతి అడుగే చాలామంది వదిలేస్తారు: ఊపిరితిత్తులు తమ పని తాము చేస్తున్నాయా? బైకార్బొనేట్‌ని ఒకటిన్నరతో గుణించి 8 కలపండి, 20 వస్తుంది, రెండు అటూ ఇటూ. రోగి కార్బన్ డయాక్సైడ్ సరిగ్గా 20. ఊపిరితిత్తులు బాగానే కష్టపడుతున్నాయి. అదే 30 ఉంటే? పుస్తకంలో మామూలు కంటే తక్కువే కదా అనిపిస్తుంది గాని, ఈ అబ్బాయికి అది ప్రమాదం. ఊపిరి తీసి తీసి అలసిపోతున్నాడు అని అర్థం.

ఇది డయాబెటిక్ కీటోఅసిడోసిస్ (షుగర్ జబ్బులో ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లం పెరగడం). చికిత్సలో సెలైన్ ముందు, ఆ వెంటనే పొటాషియం రిపోర్టు. రిపోర్టులో పొటాషియం మామూలుగానో ఎక్కువగానో కనిపించినా ఒంట్లో మొత్తం నిల్వ తగ్గిపోయే ఉంటుంది, మూత్రంలో పోతూనే ఉంది. ఇన్సులిన్ ఇవ్వగానే మిగిలింది కణాల్లోకి వెళ్ళిపోతుంది, గుండె లయ తప్పుతుంది. అందుకే పొటాషియం 3.5 కంటే తక్కువ ఉంటే ముందు అది ఎక్కించాకే ఇన్సులిన్. పాత పుస్తకాల్లో 3.3 అని కనిపిస్తుంది, 2024 మార్గదర్శకాల్లో 3.5 చేశారు.

పాన్స్ ఒకసారి తప్పాను. ఇంట్లో ఎవరికీ ముఖం చూపించలేకపోతున్నాను. మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి? (ఊరు రాయవద్దన్నారు)

ముందు నిబంధన చెబుతాను, భయం కాస్త తగ్గుతుంది. కోర్సు పూర్తయిన ఆరేళ్ళలో ఆరుసార్లు రాయొచ్చు, 90 రోజులకి ఒకసారి, ఏడాదికి మూడుసార్లకు మించకుండా. అంటే మీ దారి మూసుకుపోలేదు. ఇంట్లోవాళ్ళకి ఈ మాట ఇవాళే చెప్పండి, దాచిపెట్టుకుని చదవడం చాలా బరువు, ఆ బరువుతో 300 ప్రశ్నలు రాయలేరు.

చదువు సంగతి. మీకొచ్చిన స్కోర్ రిపోర్టులో ఏ అవయవ వ్యవస్థలో బలహీనమో ఉంటుంది. పరీక్షలో గుండెదే అన్నిటికంటే పెద్ద వాటా, తర్వాత ఊపిరితిత్తులు, జీర్ణవ్యవస్థ. మీకు గుండెలో మార్కులు తక్కువ వచ్చి ఉంటే, చర్మవ్యాధుల ఫొటోలు తిరగేస్తూ కూర్చోకండి, నెల రోజులు గుండె పట్టండి. రోజూ 60 ప్రశ్నలు, 60 నిమిషాలు, ఫోన్ ఇంకో గదిలో. పరీక్షలో అలాంటి బ్లాకులు ఐదు వరసగా వస్తాయి, ఆ ఓపిక కూడా సాధనతోనే వస్తుంది.

తప్పు పోయిన ప్రశ్నకి సరైన జవాబు చదివి వదిలేయకండి. తప్పు ఎక్కడ జరిగిందో ఒక ముక్క రాయండి: విషయం తెలియదా, తెలిసీ ప్రశ్నలో వయసో మందో చూడలేదా, రెండిటి మధ్య ఊగి మార్చారా. నా విద్యార్థుల్లో మళ్ళీ రాసేవాళ్ళది ఎక్కువగా రెండో రకమే. వాళ్ళకి కావాల్సింది ఇంకో పుస్తకం కాదు, చివరి వాక్యం ముందు చదివి, తర్వాత కథలోకి వెళ్ళే అలవాటు. జబ్బు ఏమిటి అని అడిగాడా, తర్వాతి అడుగు ఏమిటి అని అడిగాడా అన్నది అక్కడే తేలుతుంది.

ఐరన్ లోపానికీ తలసీమియా ట్రెయిట్‌కీ (ఎర్రకణాలు చిన్నవిగా ఉండే వంశపారంపర్య స్థితికీ) తేడా ఒక్క ముక్కలో చెప్పగలరా?

రెండిట్లోనూ ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 80 కంటే తక్కువే. ఐరన్ లోపంలో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వకి కొలత) పడిపోతుంది, ఎర్రకణాల సంఖ్యా తగ్గుతుంది. ట్రెయిట్‌లో కణాలు చాలా చిన్నవి గాని సంఖ్య మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది, ఫెరిటిన్ బాగుంటుంది. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే 13 కంటే తక్కువ వచ్చిందంటే తలసీమియా వైపు అనుమానించి హీమోగ్లోబిన్ ఎలెక్ట్రోఫొరెసిస్ చేయించాలి. మనవాళ్ళలో ట్రెయిట్ ఉన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ఫెరిటిన్ చూడకుండా ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు రాస్తూ ఉంటారు, దానివల్ల ప్రయోజనం లేదు. ఇక నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో గాని, మగవాళ్ళలో గాని నిజంగానే ఐరన్ లోపం తేలితే, మాత్ర రాసి పంపేయకండి. రక్తం పేగుల్లోంచి పోతుండొచ్చు, ఎండోస్కోపీ, కొలనోస్కోపీ కోసం అదే రోజు రిఫరల్ రాయండి.