ముందు సాక్ష్యం, తర్వాతే ఫోన్

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

అమ్మలూ,

తొట్లకొండ బౌద్ధ విహారం గురించి నువ్వు రాసిన పేజీని ఎవడో ఫొటోలతో సహా ఎత్తుకెళ్లి తన సైట్‌లో పెట్టుకున్నాడని మీ నాన్న చెప్పాడు. వాడికి ఇంకా ఫోన్ చెయ్యలేదు కదా? చెయ్యకు.

నేను చేశాను. భీమిలి డచ్చి సమాధుల మీద నేను రాసుకున్నది ఒక ట్రావెల్స్ వాళ్లు ఇలాగే ఎత్తేశారు. కోపం ఆపుకోలేక ఫోన్‌లో నాలుగు దులిపాను. తెల్లారేసరికి వాక్యాలు అటూ ఇటూ మార్చేసి, ఫొటోల అంచులు కత్తిరించి, ఇది మాదే పొమ్మన్నారు. ముందురోజు పేజీ కాపీ నా దగ్గర ఒక్కటీ లేదు!

అందుకని మొదట నీది ఎత్తుకెళ్లినవాళ్ల పేజీ మొత్తం, లింకూ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తియ్యి. పీడీఎఫ్ కూడా దాచు. వేబ్యాక్ మెషీన్ అని వెబ్ పేజీల కాపీలు దాచే సైట్ ఉంది, అందులో ఆ లింకు ఇస్తే, పేజీ ఇవాళ ఎలా ఉందో అలా అక్కడ నిలిచిపోతుంది. నీ అసలు ఫొటో ఫైళ్లు చెరపకు, తీసిన తేదీ వాటిలోనే ఉంటుంది. 'మహాస్తూపం' బదులు నువ్వు 'మహస్తూపం' అని కొట్టావట, వాళ్ల పేజీలోనూ అలాగే ఉందట. అంతకు మించిన సాక్షి దొరకదు. ఇప్పుడప్పుడే దిద్దకు.

ఒక్క సంగతి. 1988-93 తవ్వకాల్లో తొట్లకొండ మీద బౌద్ధ విహారం బయటపడిందన్నది నీ సొత్తు కాదు, ఎవరైనా రాసుకోవచ్చు. నువ్వు చెప్పిన తీరూ, నీ ఫొటోలూ మాత్రం నీవి. 1957 కాపీరైట్ చట్టంలో రాసినవాళ్లకి హక్కు రాసినప్పుడే వచ్చేస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

తర్వాత మర్యాదగా ఒక మెయిల్ పెట్టు. రెండు లింకులూ ఇచ్చి, వారంలో తీసెయ్యమను. జైలు, పోలీసులు అంటూ బెదిరించకు. ఆధారం లేని బెదిరింపని వాళ్లే నీ మీద కోర్టుకెళ్లే వీలు ఆ చట్టంలోనే ఉంది.

పలకకపోతే వాళ్ల సైట్‌ని తన సర్వర్లలో ఉంచుతున్న హోస్టింగ్ కంపెనీ ఏదో, సైట్ ఐపీ అడ్రసు ఎవరిదో చెప్పే హూయిజ్‌లో వెతికి, ఆ కంపెనీకి ఫిర్యాదు చెయ్యి. మన 2013 కాపీరైట్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు సరిగ్గా ఉంటే 36 గంటల్లో ఆ పేజీ అందకుండా చెయ్యాలి. అయితే 21 రోజుల్లో కోర్టు ఆర్డర్ తేకపోతే మళ్లీ పెట్టేసుకోవచ్చు, ఇది చాలామంది మర్చిపోతారు. గూగుల్‌కీ విడిగా ఫారం ఉంది, కానీ దానివల్ల వెతికితే కనబడదంతే, పేజీ అక్కడే ఉంటుంది.

కోర్టు దాకా వెళ్తే వాళ్ల ఊరు తిరగక్కర్లేదు. నువ్వుండే విశాఖలోనే దావా వెయ్యొచ్చు. దానికి మాత్రం వకీలు కావాలి, ఖర్చూ ఉంటుంది. ఒక్క పేజీ కోసం అంత దూరం వద్దనే అంటాను.

మెయిల్ పంపేముందు నాకు చూపించు. కోపంగా రాసిన వాక్యాలు నేను కొట్టేస్తాను.

మీ పెదనాన్న