రాత్రి సైకిల్‌కి వెనక లైటు ఏది కొనాలి, రిఫ్లెక్టర్లు ఎక్కడెక్కడ పెట్టాలి?

మీరు అడిగింది ఇది: ఆఫీసయ్యాక రాత్రి తొమ్మిదిన్నరకి హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి ఔటర్ రింగు రోడ్డు సర్వీసు రోడ్డు పట్టుకుని నార్సింగి వైపు ఇంటికి వెళ్తారు. హైబ్రిడ్ సైకిల్, వెనక క్యారియర్, వీపున లాప్‌టాప్ బ్యాగు. దారిలో కొన్నిచోట్ల వీధిదీపాలు లేవు. వంద ల్యూమెన్ల (లైటు ఇచ్చే వెలుగు కొలత) లైటు ఒక్కటి కొంటే చాలా, లేకపోతే రేడియం స్టిక్కర్లతో పని జరిగిపోతుందా?

రెండూ పెట్టాల్సిందే. ఒకటి చేసే పని రెండోది చెయ్యలేదు. రిఫ్లెక్టరు సొంతంగా వెలగదు. వెనక బండి హెడ్‌లైటు దాని మీద పడాలి, పడ్డ వెలుగు తిరిగి ఆ డ్రైవరు కంటికే చేరాలి. హెడ్‌లైటు ఆరిపోయిన బైకుకీ, సందులోంచి అడ్డంగా వచ్చే ఆటోకీ మీ స్టిక్కరు ఉన్నా లేనట్టే. లైటుకి ఆ బాధ లేదు గానీ చార్జింగు అయిపోయినా, గుంతలో పడి క్లిప్పు ఊడినా అది ఆరిందని మీకు తెలియదు, వెనక ఉన్నది కదా. అప్పుడు మిగిలేది రిఫ్లెక్టరే.

లారీల సంగతి చాలామంది పట్టించుకోరు. రిఫ్లెక్టరు వెలుగుని వచ్చిన దారినే, అంటే హెడ్‌లైటు వైపే తిప్పి పంపుతుంది. కారులో డ్రైవరు కన్ను హెడ్‌లైటుకి దాదాపు అర మీటరు పైన ఉంటుంది, లారీలో మీటరున్నర దాకా. వంద మీటర్ల దూరంలో లెక్కేస్తే ఈ తేడా కారుకి 0.3 డిగ్రీలు, లారీకి 0.9 డిగ్రీలు. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ కాదు. ట్రెయిలర్లకు వేసే డీఓటీ-సీ2 టేపుకి అమెరికా ప్రమాణం అడిగే కనీస విలువలు (పడ్డ వెలుగు ఎంత గట్టిగా తిరిగి వస్తుందో చెప్పే అంకెలు) చూడండి: తెలుపుకి 0.2 డిగ్రీల దగ్గర 250, 0.5 డిగ్రీల దగ్గర 65. అంత దానికే నాలుగో వంతుకి పడిపోయింది. కంకర టిప్పర్లు తిరిగే సర్వీసు రోడ్డు మీద స్టిక్కర్లనే నమ్ముకోవద్దు అనేది ఇందుకే.

ఎంత దూరం నుంచి కనిపించాలి? గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకి 16.7 మీటర్లు పోతుంది. చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపు రెండు సెకన్లు అనుకుంటే 33 మీటర్లు, పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20. అదే 80 కిలోమీటర్లయితే మొత్తం 80 మీటర్ల దాకా అవుతుంది. వాన పడితే ఇంకా ఎక్కువ. కాబట్టి 150 మీటర్ల నుంచి ‘అక్కడేదో ఉంది’ అని, 80 మీటర్లకల్లా ‘అది సైకిలు’ అని తెలియాలి. మొదటిది లైటు పని. రెండోది ఎక్కువగా మీ కాళ్ల పని, దాని గురించి కింద చెప్తాను.

ఇక లైటు. డబ్బా మీద ల్యూమెన్లు చూసి కొనకండి. రాత్రిపూట వెనక నిలకడగా వెలిగే 15 నుంచి 30 ల్యూమెన్లు చాలు. వంద, రెండొందలు అనేవి పట్టపగలు ఎండలో కనిపించడానికి. రాత్రి అదే మోడ్‌లో పెడితే వెనక వచ్చే వాళ్ల కళ్లు చెదిరి, మీరు పది మీటర్ల దూరంలో ఉన్నారో యాభైలో ఉన్నారో అంచనా అందదు. గుంపుగా వెళ్తే వెనకవాళ్లు తిట్టుకుంటారు కూడా.

డబ్బా మీద ‘40 గంటలు’ అని ఉంటే అది దాదాపు ఎప్పుడూ అన్నిటికంటే తక్కువ వెలుగుతో మిణుకుమనే మోడ్ లెక్క. మీరు చూడాల్సింది నిలకడ మోడ్ గంటలు. 500 ఎంఏహెచ్ లిథియం బ్యాటరీ అంటే సుమారు 1.85 వాట్-అవర్లు. ఒక వాటు తాగే మోడ్‌లో పెడితే రెండు గంటలు కూడా రాదు. మీకు రోజూ గంటలోపే ప్రయాణం కాబట్టి తక్కువ వెలుగు మోడ్‌లో కనీసం ఆరు గంటలు వచ్చేది తీసుకోండి. చార్జింగు అడుగంటినప్పుడు ఒక్కసారిగా ఆరిపోకుండా, వెలుగు తగ్గించుకుని ఇంకో అరగంట లాగేవి మేలు. ఏఏఏ బ్యాటరీలతో నడిచేవాటిని పాతకాలం సరుకని తీసిపారెయ్యకండి. ఏ ఊళ్లో కిరాణా కొట్టుకెళ్లినా ఆ బ్యాటరీలు దొరుకుతాయి. వాడని రోజుల్లో మాత్రం తీసి పక్కన పెట్టాలి, లేకపోతే కారి స్ప్రింగు తుప్పు పడుతుంది. గుండ్రటి కాయిన్ బ్యాటరీ వేసే రబ్బరు లైట్లు బ్యాగులో అత్యవసరానికే.

మిణుకుమిణుకా, నిలకడా? మిణుకుమనేది కంటిని తొందరగా లాగుతుంది. నిలకడగా వెలిగేది దూరాన్నీ, దగ్గరవుతున్న వేగాన్నీ చెబుతుంది. పూర్తిగా ఆరి వెలిగే లైటు ఒక్కటే ఉంటే చీకటి రోడ్డు మీద ప్రతి మిణుకుకీ మధ్య మీరు మాయమవుతారు. జర్మనీలో సైకిలు వెనక లైటు మిణుకుమనడానికి వీల్లేదు. అమెరికా రాండనీరింగ్ (గడువులోపు పూర్తిచేసే దూరప్రయాణ సైక్లింగ్) నియమాల్లోనూ వెనక లైట్లలో కనీసం ఒకటి నిలకడగా వెలగాలి. నా సలహా: సైకిల్‌కి బిగించినది నిలకడగా వెలగనివ్వండి. రెండోది పెడితే అది పూర్తిగా ఆరకుండా వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉండే పల్స్ మోడ్‌లో ఉంచండి.

వాన కోసం ఐపీ రేటింగు, అంటే లైటు నీళ్లని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె చూడాలి. ఐపీఎక్స్4 చిలకరింపుని ఆపుతుంది, ఐపీఎక్స్6 గట్టిగా కొట్టే నీటిధారని తట్టుకుంటుంది, ఐపీఎక్స్7 మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా ఆగుతుంది. ఏడు ఉంటే ఆరు ఉన్నట్టే అనుకోకండి, అవి వేరు పరీక్షలు. మడ్‌గార్డు లేని సైకిల్‌కి వెనక చక్రం కింద నుంచి బురదనీళ్లు ధారగా కొడుతుంది, కాబట్టి ఆరు ఉన్నదే వెతకండి. ఎక్కువ లైట్లు పోయేది చార్జింగు రంధ్రం దగ్గరే. మూసే రబ్బరు మూత కొన్నాళ్లకు వదులై నీళ్లు లోపలికి దిగుతాయి. తడిసిన రోజు ఆరనిచ్చాకే చార్జింగు పెట్టండి. మూత వదులైతే కొత్తది దొరికేదాకా మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క వేస్తే సరి.

అన్నిటికంటే ఎక్కువ తప్పు జరిగేది బిగించే కోణం దగ్గర. మంచి లైటు కొని నేలకి చూపిస్తూ తిరిగేవాళ్లు ఎంతమందో. సీటు రాడ్డు నిటారుగా ఉండదు. సుమారు 73 డిగ్రీల్లో వెనక్కి వాలి ఉంటుంది. దానికి లైటుని నేరుగా కట్టేస్తే వెలుగు 17 డిగ్రీలు కిందికి చూస్తుంది. 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న లైటు గట్టి వెలుగంతా మీ వెనక 2.3 మీటర్ల దగ్గర రోడ్డు మీద పడుతుంది. డ్రైవరుకి అందేది అంచు వెలుగే. సీటు కింద నుంచి వెనక ఇరుసుకి దిగే సన్న గొట్టాలకి కడితే తిరగబడి ఆకాశం చూస్తుంది. కొన్ని లైట్లతో ఏటవాలు రబ్బరు ముక్క వస్తుంది, దాన్ని పారెయ్యకండి. రాకపోతే పాత ట్యూబు ముక్క మడిచి, రాడ్డుకీ లైటుకీ మధ్య కింది అంచున పెట్టండి.

సరిగ్గా ఉందో లేదో చూడటం తేలిక. సైకిలు వెనక భాగం గోడవైపు తిప్పి ఐదు మీటర్ల దూరంలో నిలబెట్టండి. లైటు ఎంత ఎత్తులో ఉందో గోడమీద అంతే ఎత్తులో చాక్‌పీసుతో గీత గీయండి. గట్టి వెలుగు ఆ గీత మీదో, ఐదారు సెంటీమీటర్లు కిందో పడాలి. ఆ తర్వాత సైకిలుని స్టాండు వేసి, యాభై అడుగులు వెనక్కి నడిచి, కారు డ్రైవరు కన్ను ఉండే ఎత్తుకి, అంటే 110 సెంటీమీటర్లకి వంగి చూడండి. క్యారియర్ మీద ఏముందో, రెయిన్‌కోటు అంచు ఎక్కడిదాకా వేలాడుతుందో అప్పుడు తెలుస్తుంది.

మీకు క్యారియర్ ఉంది కాబట్టి సీటు రాడ్డుకి అసలు కట్టకండి. క్యారియర్ వెనక అంచున బోల్టుతో బిగించండి. యూరప్ తరహా లైట్లకి రెండు బోల్టుల మధ్య దూరం 50 గానీ 80 గానీ మిల్లీమీటర్లు ఉంటుంది. మన క్యారియర్లకి చాలాసార్లు నడుమ రిఫ్లెక్టరు కోసం ఒక్క రంధ్రమే ఉంటుంది. వెల్డింగు షాపులో చిన్న అల్యూమినియం పట్టీకి రంధ్రాలు కొట్టించుకుంటే అయిపోతుంది. నైలాన్ లాక్ నట్టు వాడండి. మామూలు నట్టు మన రోడ్ల అదురుకి వదులవుతుంది. బ్యాగు పట్టీకి క్లిప్పు చేసిన లైటు నడుస్తుంటే వేలాడి నేలవైపు తిరుగుతుంది, అది లెక్కలోకి రాదు.

రిఫ్లెక్టర్లలో రెండు రకాలు: గాజుపూసల టేపు, ప్రిజం రకం. సైకిల్‌తో వచ్చే ఎర్ర ప్లాస్టిక్ రిఫ్లెక్టరు ప్రిజం రకమే. వెనకవైపు గదుల్లా ఉన్న చిన్న మూలల్లో వెలుగు మూడుసార్లు తిరిగి వెనక్కి వస్తుంది. ఆ మూలల వెనక గాలి ఉంటేనే ఇది జరుగుతుంది. అంచు పగిలి లోపల ఆవిరి పట్టినా, వెనక జిగురు పూసినా వెలుగు తిరిగి రాదు. పైకి ఎర్రగా మెరుస్తూనే ఉంటుంది, రాత్రి చచ్చిపోయి ఉంటుంది. అలాంటిది మార్చెయ్యడమే. బ్రాకెట్ వంగి రిఫ్లెక్టరు ఆకాశం చూస్తున్నా నిటారు చెయ్యండి. బురద పట్టినది తడిగుడ్డతో తుడవండి, పీచుతో రుద్దితే గీతలు పడతాయి.

కొనేముందు ఒక పరీక్ష. ఫోను టార్చి వెలిగించి కంటి పక్కనే, చెంపకి ఆనించి పట్టుకుని పది మీటర్ల నుంచి చూడండి. అసలుది భగ్గున వెలుగుతుంది. షాపుల్లో రేడియం పేరుతో మామూలు మెరుపు స్టిక్కర్లు కూడా అంటగడతారు. ఈ పరీక్షలో అవి మొహం చాటేస్తాయి. నిజమైన టేపు కావాలంటే ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేచోట అడగండి. లారీలకి ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు రిఫ్లెక్టర్ టేపు వేస్తారు. ఆ ఎర్ర ప్రిజం టేపే మీకు కావాల్సింది. చవక గాజుపూసల టేపులో ఎరుపుకి కనీస విలువ 14, పైన చెప్పిన సీ2 రకానికి 60. తెలుపు నాలుగు రెట్లు మెరుస్తుంది కదా అని సైకిలు వెనక తెలుపు అంటించకండి. వెనక తెల్లగా మెరిస్తే ఎదురుగా వస్తున్నది అనుకుంటారు.

ప్రిజం టేపు బిరుసుగా ఉంటుంది, సన్న గొట్టాల చుట్టూ చుడితే రెండు వారాల్లో అంచులు లేస్తాయి. మడ్‌గార్డు మీద, క్యారియర్ పట్టీ మీద చదునుగా అంటించండి. సన్న గొట్టాలకి మెత్తటి గాజుపూసల టేపే నయం. మెడికల్ షాపు స్పిరిటుతో తుడిచి, ఆరనిచ్చి, మూలలు గుండ్రంగా కత్తిరించి, సాగదియ్యకుండా నొక్కండి. ఒక రోజు తడి తగలనివ్వకండి.

ఇప్పుడు కాళ్లు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు రాత్రిపూట ట్రాక్ మీద చేసిన పరీక్ష 2012లో అచ్చయింది. నల్లబట్టల సైక్లిస్టుని డ్రైవర్లు 2 శాతం సార్లే గుర్తుపట్టారు. ఫ్లోరసెంట్ చొక్కాకి 15 శాతం, రిఫ్లెక్టివ్ చొక్కాకి 50 శాతం, దానికి తోడు చీలమండలకీ మోకాళ్లకీ రిఫ్లెక్టివ్ పట్టీలు కడితే 90 శాతం. పైకీ కిందకీ ఆడే రెండు చుక్కలు చూడగానే మనిషి తొక్కుతున్నాడని తెలిసిపోతుంది. కదలని మెరుపు మైలురాయి కావచ్చు, ఆగిన బండి కావచ్చు. చిలకపచ్చ ఫ్లోరసెంట్ రంగు ఎండలోని అతినీలలోహిత కిరణాలతో వెలుగుతుంది. రాత్రి దానికి ఆ తిండి దొరకదు, మెరిసేది మీదున్న వెండిరంగు రిఫ్లెక్టివ్ పట్టీ ఒక్కటే. పెడళ్లకి పసుపు రిఫ్లెక్టర్లుంటే ఉంచండి. లేకపోతే మూడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు వెల్‌క్రో పట్టీలు రెండు కాళ్లకీ కట్టుకోండి. కుడి ప్యాంటు చైన్‌లో పడకుండా కూడా ఉంటుంది. మీ లాప్‌టాప్ బ్యాగు చొక్కా వెండి పట్టీలని కప్పేస్తుంది కాబట్టి పట్టీ బ్యాగు మీద ఉండాలి, రెయిన్‌కవరు వేస్తే దాని మీద కూడా. రిఫ్లెక్టివ్ చొక్కాని ఇస్త్రీ చెయ్యకండి.

చక్రాల పక్క రిఫ్లెక్టర్లు యూటర్న్ దగ్గర పనికొస్తాయి. అడ్డంగా వచ్చే బండి హెడ్‌లైటు మీ మీద పడేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది కాబట్టి వాటి మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. రోడ్డు మీద ఎర్ర గీతలు గీసే లేజరు లైటుకి డబ్బు దండగ, కారు హెడ్‌లైటు పడగానే ఆ గీతలు కనిపించవు. బ్రేకు పట్టుకుంటే వెలుగు పెంచేవి మన గతుకులకే బ్రేకు అనుకుని ఊరికే వెలుగుతుంటాయి. గార్మిన్ వేరియా లాంటి రాడార్ లైట్లు వెనక 140 మీటర్ల దాకా వచ్చే బండ్లని పసిగడతాయి. ఖాళీ హైవే మీద బాగుంటాయి, సిటీలో మోత ఆగదు.

ఇంట్లో పాత సైకిల్‌కి బాటిల్ డైనమో ఉందని కింద ఇంకొకరు అడిగారు. దానికి ముందు 2.4 వాట్లు, వెనక 0.6 వాట్ల బల్బు ఉండాలి. వెనక బల్బు పోతే ఆ కరెంటు కూడా ముందుదానికే వెళ్లి అదీ మాడిపోతుంది. కాబట్టి రెండూ సరిచూసుకోండి. సిగ్నల్ దగ్గర ఆగితే రెండూ ఆరిపోతాయి, అందుకే వెనక బ్యాటరీ లైటు విడిగా ఉండాల్సిందే.

డబ్బులు ఒకేసారి పెట్టలేకపోతే మొదట క్యారియర్‌కి నిలకడ లైటు, కాళ్ల పట్టీలు. వచ్చే నెల ఎర్ర టేపు, బ్యాగుకి వెండి పట్టీ. రెండో లైటు ఆ తర్వాత. క్యారియర్ వెనక అంచు ఫోటో పెట్టండి, అల్యూమినియం పట్టీకి రంధ్రాలు ఎక్కడ కొట్టించాలో కొలతలతో రాస్తాను.