బాలింత ఆందోళన, మాత్రలు, తల్లిపాలు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. తొలికాన్పు అయి మూడో నెల నడుస్తోంది. బాబు నిద్రపోతున్నా ఊపిరి ఆడుతోందో లేదోనని రాత్రంతా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటాను. గుండెదడ, చెమటలు. బరంపురంలో మానసిక వైద్యులు సెర్ట్రాలిన్ 50 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. వేసుకున్న కొద్ది రోజులకే వికారం మొదలై, దడ ఇంకా పెరగడంతో మానేశాను. ఆ మాత్ర వేసుకుంటే పాలు పట్టకూడదని మా అత్తగారు అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ అత్తగారి భయం మనవడి మీది ప్రేమ వల్ల కలిగినదే గాని, ఈ మాత్ర విషయంలో అది సరికాదు. సెర్ట్రాలిన్ తల్లిపాలలోకి చేరేది చాలా స్వల్పం కాబట్టే, పాలిచ్చే తల్లికి మందు అవసరమైనప్పుడు వైద్యులు తరచుగా దీనినే ముందు ఎంచుకుంటారు. పాలు పిండి పారబోయనక్కరలేదు. బాబు నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువగా ఉన్నా పిల్లల వైద్యుణ్ణి కూడా సంప్రదించండి. మితిమీరిన మగత, పాలు సరిగా తాగకపోవడం, ఎడతెగని చిరాకు, బరువు పెరగకపోవడం కనిపిస్తే వెంటనే చూపించాలి.

మీకు పెరిగిన దడ మొదటి రోజుల్లో కొందరికి వచ్చేదే, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అయినా మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకుండా, జరిగింది వైద్యులకు చెప్పండి. 25 మిల్లీగ్రాములతో ప్రారంభించి మెల్లగా పెంచే వీలుంటుంది. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేసినా ఇలాగే దడ వస్తుంది గనుక ఆ రక్తపరీక్ష గురించీ అడగండి. గతంలో మీకు గాని, మీ రక్తసంబంధీకులకు గాని నిద్ర లేకపోయినా అలుపు లేని విపరీతమైన హుషారు వచ్చి ఉంటే ఆ సంగతి దాచవద్దు. అలాంటివారికి ఈ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం తలెత్తే ప్రమాదం ఉంది.

నా దృష్టిలో అసలు ప్రమాదం మందుల దుకాణంలో ఎవరో చెప్పారని తెచ్చుకునే మాత్రలతోనే. ట్రమడాల్ వంటి నొప్పి మాత్ర సెర్ట్రాలిన్‌తో కలిస్తే హాని చేయవచ్చు. అల్ప్రజోలాం వంటి నిద్రమాత్ర తల్లికీ బిడ్డకీ మగత తెస్తుంది. అది వేసుకున్న రాత్రి బిడ్డను పక్కలో పడుకోబెట్టుకోకూడదు. అత్తగారు పెట్టే బాలింత కాయం సంగతి కూడా వైద్యులకు చెప్పండి, అందులో ఏమేం వేశారో ఆమెనే అడిగి.

నెమ్మదించాక కూడా కనీసం ఆరు నెలలు మాత్ర కొనసాగించి, వైద్యుల సలహాతోనే కొద్దికొద్దిగా తగ్గించాలి. మాత్రతో పాటు కౌన్సెలింగ్ కూడా మేలు చేస్తుంది. బరంపురం పదేపదే వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోవాలనిపించినా, బిడ్డకు హాని చేయాలనిపించినా, లేని మాటలు వినిపించినా మాత్రం ఫోన్లతో కాలయాపన చేయకుండా, బాబును ఇంట్లోవాళ్ల చేతికిచ్చి, ఒకరిని తోడు తీసుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.